చప్పుడు వినిపించే ఇల్లు

ఇక మీదట శాశ్వతంగా ఎవరైనా ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చు, ఆఫీసుకు రానక్కర్లేదు అని మా కంపెనీ వాళ్లు మెయిల్ పంపిన రోజు నేను వంటింటికీ హాలుకీ మధ్య కట్టిన పూల కర్టెన్ వెనక కూర్చుని ఉన్నాను. అప్పటికి రెండేళ్లుగా అదే నా ఆఫీసు. కుడిచేతి పక్కన ఫ్రిజ్జు, ఎడమచేతి పక్కన బియ్యం డబ్బా, మధ్యలో ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ల సందులో రెండో అంతస్తు, ఒకటే బెడ్‌రూం. పెళ్లయినప్పటి నుంచి అదే ఇల్లు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని. తప్పులు వెతికినందుకు జీతం కూడా ఇస్తారా, ఇంట్లో ఊరికే చేస్తున్నావుగా అని పెళ్లయిన కొత్తలో మా ఆయన తెగ ఆశ్చర్యపోయాడు. ఆయనది కృష్ణా జిల్లా. ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చుని పెన్ను అడిగి తీసుకున్నాడు, ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు.

ఇంట్లో మూడో మనిషి మా నాయిన. పోచంపల్లి పక్క ఊళ్లో నలభై ఏళ్లు చీరలు నేశాడు. అమ్మ పోయి, మోకాళ్లు మొరాయించాక మగ్గం దిగి మా దగ్గరికి వచ్చాడు. హాల్లో కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఆయనది. పేపరు అక్కడే, చిక్కుడుకాయలు ఒలవడం అక్కడే, మధ్యాహ్నం కునుకు అక్కడే. మనిషి నెమ్మదస్థుడు, నా కోపం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఇంతవరకు తేలలేదు.

మెయిల్ వచ్చిన సాయంత్రం మా ఆయనా నేనూ ఫోన్లో మ్యాపు ముందేసుకుని కూర్చున్నాం. ఎక్కడి నుంచైనా అన్నారు కదా, దేశమంతా మాదే అన్నంత ఉషారు.

“సముద్రం పక్కన ఇల్లు తీసుకుందాం. పొద్దున్నే లేచి ఒడ్డున నడుద్దాం” అన్నాడాయన.

పొద్దున్నే లేవడం అనే మాట ఆయన నోట అంతకుముందు నేను వినలేదు. నాకైతే అరకు మీద మనసు పోయింది. కిటికీ తీస్తే మంచు, చేతిలో కాఫీ, ఎదురుగా ల్యాప్‌టాప్. అరగంట సేపు అరకులో ఏ గదిలో ఏ బల్ల వేయాలో కూడా అనుకున్నాక, “మరి నీ కాలేజీ?” అని అడిగాను.

ఆయన మ్యాపులో దూరం చూసి, “అరకు నుంచి బండి మీద రావాలంటే కొంచెం ఇబ్బందే” అన్నాడు.

దాంతో దేశం కుంచించుకుపోయింది. ఆయన బండి మీద కాలేజీకి అరగంటలో చేరగలిగినంత మేరే మా దేశం అని తేలింది. అంటే ఇటు నాగోల్, అటు పెద్ద అంబర్‌పేట్. సముద్రం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కానీ ఇల్లు మారాలనే పట్టుదల మాత్రం నాకు పోలేదు. మా సందులో పొద్దున తొమ్మిదికి ఉల్లిగడ్డల బండి మైకు మొదలవుతుంది. అది వెళ్లగానే పాత ఇనుప సామాన్లు కొనే బండి. మధ్యలో హాస్టల్ పిల్లల టిఫిన్ గిన్నెల మోత. ఒకసారి ఫోన్లో అవతలి క్లయింటు, మీ వెనక ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారే, ఎన్నికలా అని అడిగాడు. కాదండీ, పాత కూలర్లు కొంటారట అని చెప్పాల్సి వచ్చింది.

ఆ మోతకైనా అలవాటు పడ్డాను గానీ, అసలు తంటా ఇంట్లోనే ఉంది. మా నాయిన.

నేను కీబోర్డు మీద గట్టిగా కొడతాను. పిడకలు చరుస్తున్నావా అంటాడు మా ఆయన. అలా కొడుతున్నంత సేపూ నాయిన కుర్చీలోంచి కదలడు. ఏదైనా చిక్కు తగిలి, చేయి ఆపి ఆలోచించబోయానా, కర్టెన్ లేస్తుంది. చేతిలో చెంబు. “దూపైతలేదా బిడ్డా?” అంటాడు. దూప అంటే దాహం. మా ఆయనకి ఆ మాట అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది, ధూపం వేయమంటున్నారనుకుని ఒకసారి అగరొత్తులు వెలిగించాడు. నీళ్లతో పాటు రెండు ముచ్చట్లు కూడా వచ్చేవి. ఎదురింటి వాళ్ల మోటరు కాలిపోయిందనో, చిక్కుడుకాయల్లో పురుగులు ఉన్నాయనో. ఆయన చెప్పి వెళ్లేసరికి నేను పట్టుకున్న ఆలోచన కాస్తా జారిపోయేది.

ఒకరోజు నెలవారీ మీటింగు. మా మేనేజరు బెంగళూరు నుంచి మాట్లాడుతోంది, నేను కెమెరా పెట్టుకుని బుద్ధిగా వింటున్నాను. కర్టెన్ లేచింది. బనీను మీద నాయిన, చేతిలో చెంబు. “పొద్దుగాల్నుంచి కూసున్నవు, జర గొంతు తడుపుకో” అన్నాడు. పదకొండు మంది చూశారు. ఒకతను, నాకూ ఒక గ్లాసు ఇప్పించండి అంకుల్ అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు మొహం పెట్టి, మీటింగు అయిపోగానే హాల్లోకి వెళ్లి నాయిన మీద అరిచాను.

“నేను పనిల ఉన్నప్పుడు రావద్దని ఎన్నిసార్లు చెప్పాలె నాయినా?”

ఆయన నిదానంగా, “పనిల లేకుంటెనే ఒచ్చిన గద బిడ్డా” అన్నాడు.

ఆ మాటతో నాకు ఇంకా ఒళ్లు మండింది. కూర్చుని వినడం ఆయన లెక్కలో పని కాదన్నమాట, నేను ఊరికే కూర్చుని జీతం తీసుకుంటున్నాననుకుంటున్నాడన్నమాట అనుకున్నాను. మూడు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను.

నాలుగో రోజు మేనేజరు విడిగా ఫోన్ చేసింది. టీమ్ లీడ్ పని నాకు ఇద్దామనుకుంటున్నానంది. ఆరేళ్లుగా ఎదురు చూస్తున్న మాట అది. నా తర్వాత చేరిన ఇద్దరు నాకంటే ముందే లీడ్లయ్యారు. అయితే ఆ పనిలో రోజూ క్లయింట్లతో గంటల తరబడి మాట్లాడాలి. “తలుపు ఉన్న గది ఒకటి చూసుకోండి. ఒకటో తారీఖు లోపల కుదరకపోతే ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది” అని మర్యాదగానే చెప్పింది. చదువుకుని, ఉద్యోగం సంపాదించి, ఇంత దూరం వచ్చాక ఒక తలుపు లేక ఆగిపోతానా అని ఏడుపొచ్చింది. ఒకటో తారీఖుకి ఇంకా మూడు వారాలు.

మా ఆయన సెలవు రోజుల్లో నేనూ ఆయనా టూ లెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాం. నాగోల్‌లో ఒక కొత్త అపార్టుమెంటు ఏడో అంతస్తు చూశాం. గాలి బాగుంది. మూసీ వైపు నుంచి సాయంత్రం వచ్చే దోమలు ఆ గాలి కంటే బాగున్నాయి. నేను ఇంటి నుంచి పని చేస్తానని తెలియగానే ఓనరు మొహం వెలిగిపోయింది. “ఇంట్లనే ఉంటరా? మంచిదే. మా ఫ్లాట్లోళ్లందరి పార్సిళ్లు మీ దగ్గర పెట్టమని వాచ్‌మన్‌కు చెప్త” అన్నాడు. అక్కడి నుంచి గబగబా మెట్లు దిగిపోయాం, లిఫ్టు ఉన్న సంగతి కూడా మర్చిపోయి.

పెద్ద అంబర్‌పేట్ ఇల్లు మాత్రం చూడగానే నచ్చింది. విజయవాడ రోడ్డు నుంచి బాగా లోపలికి, విడిగా కట్టిన ఇల్లు. ముందు హాలు, పక్కన నాయినకి ఒక గది, ఒక నడవా దాటి ఆ చివర నాకో గది. దానికి టేకు తలుపు. తలుపేసి లోపల నిలబడితే నా ఊపిరి నాకే వినిపించింది. మా ఆయన హాల్లోంచి నన్ను పేరు పెట్టి నాలుగుసార్లు పిలిచాడట, నాకు ఒక్కటీ వినపడలేదు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆదివారం సాయంత్రానికల్లా మాట ఖాయం చేస్తామని ఓనరుకి చెప్పాం.

ఆదివారం పొద్దున నాయినని తీసుకుని మళ్లీ వెళ్లాం. ఇల్లంతా తిరిగి చూశాడు. గోడలు తట్టాడు. కిటికీ లోంచి బయట మామిడి మొక్కని చూసి బాగుందన్నాడు. హాల్లో కింద కూర్చుని, “బిడ్డా, నువ్వు ఆ రూముల కూసోని జరసేపు నీ పని చెయ్యి” అన్నాడు.

ఎందుకో అడగలేదు. ల్యాప్‌టాప్ ఎలాగూ సంచిలో ఉంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుని నేల మీద కూర్చుని పెండింగులో ఉన్న రిపోర్టు కొట్టడం మొదలుపెట్టాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పది నిమిషాలు అయ్యాక తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. చేతిలో చెంబు లేదు, ఆ ఇంట్లో ఇంకా చెంబు లేదు కాబట్టి. మొహంలో మాత్రం అదే కంగారు.

“ఎందుకాగినవు?”

“ఆగలే నాయినా. చేస్తనే ఉన్న.”

“మరి నాకు ఇనవడ్తలేదు.”

“తలుపేస్తే ఎట్ల ఇనవడ్తది? అందుకే గద ఈ ఇల్లు.”

ఆయన గుమ్మంలో నిలబడి నా వైపు, ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూశాడు. “మంచిగనే ఉంది బిడ్డా. కాని నీకు దూపైతే నాకెట్ల ఎరుకైతది?” అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు.

మా ఊరి ఇంట్లో మగ్గం గుంతలో ఉండేది. నేసే మనిషి గుంతలో కాళ్లు పెట్టుకుని నేల మట్టానికి కూర్చుంటాడు. ఒళ్లో బట్ట, ఎదురుగా వందల పోగులు. దాహమైందని లేవాలంటే పెద్ద పని, అందుకని నీళ్లు ఆయన దగ్గరికే వెళ్లాలి. పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడుతున్నంత సేపు ఎవరూ ఆయన్ని పిలవకూడదు. చుట్టాలొచ్చినా సరే, అరుగు మీద కూర్చుని మగ్గం చప్పుడు ఆగేదాకా చూసేవాళ్లు. పోగు తెగో, నాడెలో నూలు చుట్టిన కండె అయిపోయో చప్పుడు ఆగిందంటే, అదీ సమయం. అమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతూనే నా వైపు చూసేది. నేను ఏ ఆటలో ఉన్నా లేచి, చెంబుతో పరిగెత్తేదాన్ని. ఆరేడేళ్ల వయసు నుంచి అది నా డ్యూటీ. మగ్గం చప్పుడు వింటూ లెక్కలు చేసుకునేదాన్ని, పద్యాలు బట్టీ పట్టేదాన్ని. చెవి మాత్రం నాయిన మీదే ఉండేది.

ఇప్పుడు ఆయన చెవి నా మీద ఉంది. రెండేళ్లుగా. నేను కీబోర్డు కొడుతుంటే ఒక్కసారి కూడా పిలవలేదు. చప్పుడు ఆగితేనే లేచి వచ్చాడు. పనిల లేకుంటెనే ఒచ్చిన గద అంటే ఆయన చెప్పింది అదీ. మర్యాదగా, మా ఇంటి పద్ధతి ప్రకారం, నొప్పి పెట్టే మోకాళ్లతో లేచి నీళ్లు తెచ్చిన మనిషి మీద నేను అరిచాను. తప్పులు వెతికే ఉద్యోగం చేస్తూ ఇంత పెద్ద తప్పు నాకు రెండేళ్లు కనపడలేదు. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు.

“ఏమైంది బిడ్డా? ఇల్లు తీస్కో నువ్వు. నాకు అలవాటైతది” అన్నాడు నాయిన కంగారుపడి.

“అలవాటు కావద్దు నాయినా” అన్నాను.

తర్వాత ఆయన పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. నా పనిలో సగం కీబోర్డు మీద, సగం చెవితో. అవతలివాళ్లు గంటసేపు మాట్లాడితే నేను చప్పుడు చేయకుండా విని మనసులో పెట్టుకోవాలి. అప్పుడు చేతులు ఆగుతాయి గానీ పని ఆగదు.

“వినుడు గూడ పనే నాయినా.”

ఆయన పెద్దగా నవ్వాడు. “వినుడు పనైతే మరి రెండేండ్ల సంది నేను చేస్తున్నదేంది? నాకు ఎవరిస్తరు జీతం?”

మా ఆయన నడవాలో నిలబడి ఇదంతా విన్నాడు. “మావయ్యగారూ, మీరే అసలు టీమ్ లీడ్ అండీ” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “అయితే ఇప్పుడు మనకి కావాల్సింది తలుపు ఉండి కూడా చప్పుడు వినిపించే ఇల్లు. అలాంటిది టూ లెట్ బోర్డు మీద రాయరు కదా” అన్నాడు.

ఒకటో తారీఖుకి అప్పటికి పది రోజులే ఉన్నాయి. పెద్ద అంబర్‌పేట్ ఓనరుకి వద్దని చెప్పాం. వాస్తు కుదరలేదా అని అడిగాడు. అవునన్నాం, మిగతాది చెబితే నమ్మడు.

వింటున్నప్పుడు ఏం చేయాలో కూడా నాయినే చెప్పాడు. “చెయ్యి ఆగుతదంటివి, మరి కాలు ఏం చేస్తది? కాలాడిచ్చు” అన్నాడు. మగ్గంలో ఆయన కాళ్లు గుంతలో పలకలు తొక్కుతూనే ఉండేవి. వంటింట్లోంచి చెక్క పీట తెచ్చి నా బల్ల కింద పెట్టాడు. మీటింగులో మైకు మ్యూట్ చేసుకుని, మొహం బుద్ధిగా పెట్టుకుని, కింద మడమతో పీట మీద టక్, టక్ అని కొట్టడం నేర్చుకున్నాను. కర్టెన్ లేవలేదు. ఆ వారమంతా ఒక్క మీటింగులోనూ లేవలేదు. నాయిన కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

ఎల్బీ నగర్ ఇల్లు గడువుకి అయిదు రోజుల ముందు దొరికింది. జిల్లాల బస్సులన్నీ వచ్చి చేరే ఆ చౌరస్తాకి దగ్గరే గానీ, మూడు సందులు లోపలికి, హారన్ల మోత చేరనంత లోపలికి. మొదటి అంతస్తు, రెండు గదులు. కింది వాటాలో ఓనరమ్మ, రిటైరైన టీచరు. వెనక గదికి మామూలు ప్లైవుడ్ తలుపు, పైన గాలి కోసం వదిలిన చిన్న వెంటిలేటరు. ఆ గదికి ఆనుకునే హాలు.

ఓనరమ్మ చూస్తుండగానే పరీక్ష మొదలుపెట్టాం. మొదట నేను నాయిన పక్కన కూర్చున్నాను, మా ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకుని టైపు చేశాడు. ఆయనది రెండు వేళ్ల టైపింగు. ఒక అక్షరం కొట్టి తర్వాతి అక్షరం కోసం వెతుక్కుంటాడు. నాయిన కళ్లు మూసుకుని కాసేపు విని, “అల్లుడు పని చేస్తుండా, పండుకున్నడా?” అన్నాడు.

తర్వాత నేను వెళ్లి తలుపేసుకుని, నా అలవాటు ప్రకారం కొట్టాను. పీట కూడా వెంట తెచ్చుకున్నాం, దాన్నీ తొక్కాను. ఆపాను. మళ్లీ కొట్టాను. హాల్లోంచి నాయిన గొంతు, “ఆ, ఇనవడ్తుంది. ఇప్పుడాగినవు. మళ్ల షురూ చేసినవు” అని. బయటి మాటలు లోపలికి రావా అంటే వస్తాయి, కానీ పగలు హాల్లో మాట్లాడే మనిషి ఆయనొక్కడే. నా పని సాగుతుంటే ఆయన మాట్లాడడని నాకు ఇప్పుడు తెలుసు.

నేను బయటికొచ్చేసరికి ఓనరమ్మ మా ముగ్గురినీ వింతగా చూస్తోంది.

“ఏందమ్మా మీరు? ఇల్లు చూడొచ్చినోళ్లందరు ముందుగాల నల్లా ఎప్పుడొస్తది, బోరుల నీళ్లున్నయా అని అడుగుతరు. మీరు కండ్లు మూసుకోని కూసున్నరు. నీళ్ల సంగతి అడగరా?”

నాయిన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేస్తూ, “నీళ్ల సంగతి నేను చూస్కుంటనమ్మా” అన్నాడు.

ముప్పయ్యో తారీఖున సామాను ఎత్తుకున్నాం. ఒక చిన్న ఆటో ట్రాలీలో పన్నెండేళ్ల కాపురం పట్టింది. ముందుగా దించింది ప్లాస్టిక్ కుర్చీ, తర్వాత పీట. ఒకటో తారీఖు పొద్దున్నే మేనేజరుకి కెమెరా తిప్పి తలుపు చూపించాను. ఆమె అభినందనలు చెప్పి, ఆ రోజే మధ్యాహ్నం క్లయింటుతో మొదటి మీటింగు పెట్టింది. గంటన్నర నడిచింది. గంటన్నరా మడమ ఆడిస్తూనే ఉన్నాను. ఎవరూ తలుపు తీయలేదు. అంతా బాగా జరిగింది, క్లయింటు మెచ్చుకున్నాడు కూడా. లైను కట్ చేసి, కాలు ఆపి, కుర్చీలో వెనక్కి వాలాను. పట్టుమని పది అంకెలు లెక్కపెట్టే లోపల తలుపు తెరుచుకుంది, చెంబు వచ్చింది.

ఇప్పుడు మా రోజులు ఇట్లాగే సాగుతున్నాయి. చిన్న సంగతొకటి ఉంది, మా ఆయనకి కూడా చెప్పలేదు. పని బాగా నడుస్తున్నప్పుడు కూడా నేను అప్పుడప్పుడు చేయి ఆపుతాను. చిక్కేమీ ఉండదు, దాహం ఉండదు. ఊరికే ఆపి, హాల్లో కుర్చీ కిర్రుమనడం కోసం చూస్తుంటాను.

మొన్న అట్లా నాలుగోసారి చెంబు అందిస్తూ నాయిన నా మొహంలోకి పరీక్షగా చూశాడు. “ఇయ్యాల శానసార్లు ఆగినవు. పోగులు తెగుతున్నయా బిడ్డా?” అన్నాడు.

“అవు నాయినా, మస్తు తెగుతున్నయి” అని, చెంబెడు నీళ్లూ తాగేశాను.